మూడో పూస

బూందీ దూయడం రానివాళ్ళు నాకు పూసల గురించి పాఠం చెప్తే ఒళ్ళు మండుతుంది. పొగరనుకున్నా సరే, ఉన్నమాట. పిఠాపురంలో మా నాన్నది మిఠాయి కొట్టు. పిండి పల్చనైతే బూందీ చదునైపోతుంది, చిక్కనైతే తోకలొస్తాయి, గరిటె ఎత్తు మారిందా, ఒకటి పెసరగింజంత, ఒకటి శనగగింజంత. పదేళ్ళకే ఇదంతా నా చేతికి తెలుసు. విశాఖపట్నంలో సముద్రం కనిపించే కొండమీది ల్యాబులో ఇరవై రెండేళ్ళుగా నేను చేస్తున్న పనీ అదే. కాకపోతే మా బూందీ గింజ వెంట్రుక మందం ఉంటుంది.

తపాలా బిళ్ళంత గాజు పలక. అందులో కంటికి ఆనని కాలవలు. నడిమి కాలవలోంచి జెల్ అయ్యే ద్రవం వస్తుంది, అటూ ఇటూ నుంచి నూనె వస్తుంది. మూడూ కలిసే ఇరుకులో నూనె రెండువైపులా నొక్కితే ద్రవం చుక్క చుక్కగా తెగుతుంది. తెగిన చుక్క మీద ఊదారంగు వెలుగు ఇలా పడగానే అది మెత్తటి పూసవుతుంది. సెకనుకి మూడువేల పూసలు, అన్నీ ఒకే సైజు. చదువుకున్న పిల్లలు పంపుల మీది అంకెలు చూసి నడిపితే, నేను తెరమీద చుక్క తోక చూసి నడిపేదాన్ని. ఎవరి పూసలు బాగుండేవో నేను చెప్పుకోకూడదు. మా పెద్ద మేడం కాత్యాయనిగారు మాత్రం ఆ గాజు పలక ముందునుంచి నన్ను కదలనిచ్చేవారు కాదు.

ఆ జెల్ ఆవిడ సగం జీవితం. ద్రవంలో రక్తం కలిపి పూసలు చేస్తే, రక్తంలోని కణాలు పూసకొకటి చొప్పున చిక్కుకుంటాయి. చిక్కినా చావవు, అదీ వింత. లోపల వాటికి తిండి ఉంటుంది, గాలి ఆడుతుంది. జెల్‌లో అల్లుకున్న పోగులు ఆ కణాన్ని తడిమి చూసి, తాము వెతికేది దొరికితే ఆకుపచ్చగా వెలుగుతాయి. కడుపుతో ఉన్న ఆడమనిషి వేలి చివర నాలుగు చుక్కల రక్తంలో బిడ్డ కణాన్ని పట్టుకుని, ఆ బిడ్డకేదైనా కష్టం రాబోతుంటే రెండో నెల్లోనే చెప్పాలన్నది ఆవిడ పట్టుదల. చెయ్యి దాటాక తెలిసి ఏం లాభం అనేవారు.

మా మొదటి పోగులు మగ కణాన్ని గుర్తుపట్టేవి. ఆడమనిషి రక్తంలో మగ కణం వెలిగితే అది బిడ్డదేనని తేలిగ్గా తేలిపోతుంది. మరి పూసలు ఊరికే వెలగడం లేదని రుజువేది? దానికి సున్నా నమూనా కావాలి, అంటే ఒక్క పూస కూడా వెలగకూడని రక్తం. మగపిల్లల్ని కన్నవాళ్ళు దానికి పనికిరారన్నారు. కాన్పయ్యాక కూడా బిడ్డ కణాలు తల్లిలో ఏళ్ళతరబడి ఉండిపోతాయిట. నాకిద్దరు మగపిల్లలు. ఆవేళ ఇంటికెళ్ళి అన్నం వడ్డిస్తూ ఇద్దర్నీ ఎగాదిగా చూశాను. తిన్న కంచం తీయని గాడిదలు, మీసాలొచ్చాక కూడా నా ఒంట్లోనే కాపురం ఉంటున్నారన్నమాట. కోపం రావాలి కదా, రాలేదు. ఇంకో గరిటెడు పప్పు వేశాను.

అలా ఎర్నమ్మ దొరికింది మాకు. ల్యాబు ఊడ్చి తుడిచే మనిషి. విజయనగరం అవతల పల్లె. యాభై అయిదేళ్ళు. తోబుట్టువులు లేరు, ఎప్పుడూ రక్తం ఎక్కించుకున్నట్టు తెలియదంది. ఫారం నేనే నింపాను. గర్భాలు ఎన్ని, లేవు. కాన్పులు ఎన్ని, లేవు. బతికున్న పిల్లలు, వాళ్ళ వయసులు, లేరు. ప్రతి గడికీ నేను అడగడం, తను నవ్వుతూ తల అడ్డంగా ఊపడం. చివర్లో, ‘గొడ్డురాలని రాసీ అమ్మా, ఇన్ని గళ్ళెందుకు’ అంది. అంత తేలిగ్గా అనేసరికి నాకు పెన్ను ఆగింది. మొగుడు ఆ పేరు పెట్టే వదిలేసి రెండో పెళ్ళి చేసుకున్నాడని అంతకు ముందే ఎవరో చెప్పారు. తొమ్మిది నెలల్లో తొమ్మిదిసార్లు రక్తం ఇచ్చింది. తొమ్మిదిసార్లూ తెర అమావాస్యలా ఉంది. కాత్యాయనిగారు మురిసిపోయి ఎర్నమ్మకి ప్రతిసారీ తన డబ్బాలోంచి ఖర్జూరాలు పెట్టేవారు.

మే నెలలో కొత్త గాజు పలక వచ్చింది. పాత పలకతో లక్ష కణాలు చూసేవాళ్ళం, దీంతో కోటి చూడొచ్చు. పదోసారి ఎర్నమ్మ రక్తం కలిపి పూసలు దూశాను. పొద్దున్న పదకొండు గంటలు. తెరమీద నల్లగా పూసల వరసలు పోతున్నాయి. ఉన్నట్టుండి ఒకటి వెలిగింది. నేను కళ్ళద్దాలు తుడుచుకునేలోగా ఇంకోటి. మధ్యాహ్నానికి మూడు.

కోటి పూసల్లో మూడే కదా అనుకుంటారు మీరు. సున్నా అంటే సున్నానే. పందొమ్మిది రోజుల్లో ఢిల్లీ నుంచి సమీక్ష కమిటీ రాబోతోంది. సున్నా నమూనాలో కూడా వెలిగే పూసలని ఏ ఆసుపత్రిలోనూ అడుగు పెట్టనివ్వరు, ఆవిడ సగం జీవితం అటకెక్కుతుంది. కాత్యాయనిగారు మొహం గట్టిగా పెట్టుకుని, ఎక్కడో మైలపడింది, కడగండి అన్నారు. గాజు పలకలు మార్చాం, నూనె మార్చాం, గొట్టాలు మార్చాం. గదిలోకి మగవాళ్ళని రానివ్వడం మానేశాం. మగపిల్లల్ని కన్నదాన్ని కాబట్టి తుమ్ములో రాలే కణం కూడా కొంప ముంచుతుందని నన్ను రెండు మాస్కులు కట్టుకోమన్నారు. ఆ మూడు పూసల్లో రెండింటిని పగలగొట్టి, లోపలి కణం జన్యు గుర్తులు చదివి ల్యాబులో పనిచేసే మగవాళ్ళందరి గుర్తులతో పోల్చారు. ఒక్కరిదీ కాదు. మూడో పూసని వెచ్చటి పెట్టెలో దాచారు.

ఆ ఆదివారం మా చెల్లెలి కూతురు హైమకి మా ఇంట్లో సూడిదలు. అయిదో నెల. ఎర్నమ్మని కూడా పిలిచాను. వచ్చింది, వచ్చి నేరుగా పెరట్లోకెళ్ళి అంట్లు ముందేసుకుని కూర్చుంది. లోపలికి రమ్మంటే రాదు. చివరికి హైమే పెరట్లోకి వచ్చి చేతులు చాపి గాజులు తొడగమంది. ఎర్నమ్మ తడిచేతులు రెండూ కొంగు కింద దాచేసుకుని, తన చెయ్యి మంచిది కాదంది. పిల్ల చిన్నబుచ్చుకుని లోపలికి పోయింది. నాకు చిరాకేసింది. ఈ కాలంలో ఇవేం పట్టింపులని విసుక్కున్నాను. ఆ పట్టింపు ఆవిడ పెట్టుకున్నది కాదని, జనం ముప్పై ఏళ్ళుగా ఆవిడ నెత్తిన పెట్టిందని అప్పుడు నా మట్టిబుర్రకి తట్టలేదు.

నాకు నోటికీ మనసుకీ మధ్య తలుపు లేదు. సోమవారం ఎర్నమ్మ మెట్లు తుడుస్తుంటే ఎదురుగా నిలబడి అడిగేశాను. ఫారంలో అబద్ధం చెప్పావా, ఎప్పుడైనా ఎవరికీ తెలియకుండా కన్నావా అని. మొగుడు వదిలేసిన మనిషిని, నట్టనడి మెట్ల మీద. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఎర్నమ్మ గుడ్డ పిండి, బకెట్టు పక్కకి జరిపి, మెట్టు మీద కూర్చుంది. కోపం లేదు. తనకి పంతొమ్మిదేళ్ళప్పుడు మూడు నెలలు ముట్టు రాలేదుట. కడుపనే అనుకుందిట. అమ్మలేని పిల్ల, అవునో కాదో చూసి చెప్పేవాళ్ళు లేక, అవుననే వీధి వీధంతా చెప్పుకుని మురిసిందిట. మావిడి పిందెలు ఏరుకుని తిందిట. ఒకరోజు నాట్లలో కడుపునొప్పొచ్చి, నెత్తురుపోయి, ఒంటిమీద స్పృహ లేదు. కళ్ళు తెరిచేసరికి ఏదో ఆసుపత్రిలో ఉంది. కడుపూ లేదు ఏమీ లేదు, గడ్డ లేస్తే తీసేశారని అత్త చెప్పింది.

“నానే పిచ్చిదాన్నమ్మా. గడ్డని కడుపనుకుని ఊరంతా సెప్పుకున్నాను. నవ్వినారు మరి. అప్పట్నించి కడుపు రానేనేదు.”

నేనూ ఆ మెట్టు మీదే తన పక్కన కూర్చున్నాను. 

కాత్యాయనిగారి గదిలోకెళ్ళి చెప్తే, ఆవిడ వెంటనే కంప్యూటరు ముందు కూర్చున్నారు. పగలగొట్టిన రెండు పూసల గుర్తులూ ఉన్నాయి. ఎర్నమ్మ గుర్తులూ ఉన్నాయి. రెండూ పక్కపక్కన పెట్టి చూడాలని ఎవరికీ తోచలేదు, సున్నా మనిషితో పోల్చేదేముంటుందని. నలభై చోట్ల పోల్చే పద్ధతి అది. బిడ్డ అయితే ప్రతిచోటా సగం తల్లిదే ఉండి తీరాలి. ఎవరిదో ఎక్కించిన రక్తమైతే అలా కుదరదు. అంకెలు ఒక్కొక్కటే వచ్చాయి. సగం. సగం. సగం. నేను పైకి లెక్కపెడుతున్నానని ఇరవయ్యో అంకె దగ్గర గానీ నాకు తెలియలేదు. నలభైకి నలభై. రెండు పూసల్లోనూ.

“పూసలు అబద్ధం చెప్పలేదు సత్యవేణీ,” అన్నారు కాత్యాయనిగారు. “మన ఫారమే చెప్పింది.”

ముప్పై ఆరేళ్ళు. ఆ తల్లి ఒంట్లో రక్తం ఎన్ని కోట్లసార్లు తిరిగి ఉంటుంది. కూలికెళ్ళింది, ఒంటరిగా వండుకు తింది, మా మెట్లు తుడిచింది. తుడుస్తున్నప్పుడు కూడా వాడు లోపల తిరుగుతూనే ఉన్నాడు.   కమిటీ మాట కాత్యాయనిగారు గానీ నేను గానీ ఎత్తలేదు.

చెప్పాలా వద్దా అని రెండు రోజులు నలిగాం. మానిన పుండు కెలకడమా అని ఆవిడ బాధ. మానిందని మీకెవరు చెప్పారని నా వాదన. ఒక మనిషి రక్తంలో కనిపించినది ఆ మనిషికే దాచే హక్కు మనకెక్కడిదని చివరికి ఆవిడే అన్నారు. నోరు పారేసుకున్నది నేను కాబట్టి చెప్పవలసిందీ నేనే.

మధ్యాహ్నం మూడింటికి ఎర్నమ్మని లోపలికి పిలిచాను. గుమ్మంలో చెప్పులు విడిచింది. నేనేమీ అనకుండానే వెళ్ళి చేతులు కడుక్కొచ్చింది. మూడో పూసని సూక్ష్మదర్శిని కింద పెట్టి, ఎత్తు సరిచేసి, ఇక్కడ కన్ను పెట్టమన్నాను. చీకట్లో గుండ్రంగా, నీళ్ళలా తేటగా పూస. దాని నడుమ ఆకుపచ్చగా చిన్న వెలుగు. కదలడం లేదు గానీ, బతికున్నదేదో నిలకడగా ఉన్నప్పుడు తెలుస్తుంది చూడండి, అలా ఉంది.

మిణుగురు లాగుందని నవ్వింది ఎర్నమ్మ. అప్పుడు చెప్పాను. తడబడుతూ, వెనకనుంచి ముందుకి, ముందునుంచి వెనక్కి, నాకొచ్చినట్టు చెప్పాను. అది నీ బిడ్డ కణమని, గడ్డ కాదని, ఆ మూడు నెలల్లోనే వాడు నీ రక్తంలోకి వచ్చి ఉండిపోయాడని. కాత్యాయనిగారు పక్కనే ఉన్నారు. ఎర్నమ్మ కన్ను తీయలేదు. వీపు మాత్రం బిగుసుకుంది. 

“అయితే నాను కడుపనుకున్నది నిజిమేనా?”

“నిజమే అక్కా,” అన్నాను. అప్పటిదాకా తనని పేరుపెట్టి తప్ప వరసపెట్టి పిలిచి ఎరగను.

“నాను పిచ్చిదాన్ని కాదు.”

“కాదు.”

అప్పుడు ఏడ్చింది. కన్ను ఆ అద్దానికి ఆనించే ఏడ్చింది. నేనూ ఏడ్చాను, దాచడమెందుకు. కాసేపయ్యాక కొంగుతో ముందు అద్దం తుడిచి, తర్వాత మొహం తుడుచుకుంది. గుంటడా, గుంటా అని అడిగింది. గుంటడే, మగపిల్లాడేనని చెప్పాను. అత్త సంగతి నేనెత్తాను, నా కడుపు మండిపోతోంది మరి. ఆవిడ పోయి పదేళ్ళయిందని, తెలిసే అందో తెలియక అందో ఇప్పుడెవర్నడుగుతామని అంది. తర్వాత కాత్యాయనిగారివైపు తిరిగి, పిల్లాడికి అందులో ఆకలేస్తుందా అని అడిగింది. వెయ్యదని, పూసలో తిండి ఉంటుందని ఆవిడ చెప్పారు. 

మర్నాటినుంచి ఎర్నమ్మ అరగంట ముందే వచ్చేది. చీపురు ముట్టుకోకముందే చేతులు కడుక్కుని మూడో పూసని చూసుకునేది. బస్సు కిక్కిరిసి ఉందని, సముద్రం ఇవాళ పోటుమీదుందని వాడికి చెప్పేది. నేను తలుపు బయటే ఆగేదాన్ని.

అసలు చిక్కు అక్కడే ఉంది. ఏ ఫలితమైనా మూడుసార్లు చదివితే గానీ లెక్కలోకి రాదు. రెండు పూసలు చదివాం. సున్నా నమూనా వెలగడం పూసల తప్పు కాదని, అవి కోటిలో ఒక్కడిని కూడా పట్టుకోగలవని కమిటీ ముందు నిలబెట్టాలంటే మూడోది కూడా పగలగొట్టి చదవాలి. చదివితే ఆ కణం ఉండదు. ఎర్నమ్మ మళ్ళీ మూడుసార్లు రక్తమిచ్చింది, తనే చెయ్యి చాపి ఇచ్చింది. మూడుసార్లూ తెర నల్లగానే ఉంది. సముద్రంలో వల వేసిన ప్రతిసారీ చేప పడదు కదా. కమిటీ గురువారం వస్తుందనగా సోమవారం కాత్యాయనిగారు ఎర్నమ్మని కూర్చోబెట్టి ఉన్నదున్నట్టు చెప్పారు. పగలగొట్టకపోయినా ఆ కణం పూసలో ఇంకో వారం, పది రోజులకన్నా ఉండదని కూడా దాచలేదు. నువ్వు వద్దంటే ముట్టుకోనన్నారు. నాకు ఆవిడమీద కోపమొచ్చింది, ఒక తల్లిని అడిగే మాటేనా అది అని. అడగకుండా చేసుంటే ఇంకా కోపమొచ్చేది.

ఈ పూసలు దేనికమ్మా అని ఎర్నమ్మ మొదటిసారి అడిగింది. తొమ్మిది నెలలు రక్తమిచ్చిన మనిషికి మేమెవరమూ చెప్పనే లేదు, అదీ మా తెలివి. కాత్యాయనిగారు చెప్పారు. కడుపు అవునో కాదో, లోపలి బిడ్డకి కష్టముందో లేదో, పల్లెటూళ్ళో కూడా నాలుగు చుక్కలతో తెలిసిపోవడానికి. ఎర్నమ్మ విని, తల పంకించి, బకెట్టు తీసుకుని వెళ్ళిపోయింది.

బుధవారం పొద్దున్న ఉతికిన చీర కట్టుకుని, తలలో కనకాంబరాలు పెట్టుకుని వచ్చింది. నేరుగా కాత్యాయనిగారి ముందుకెళ్ళి నిలబడింది.

“నా నోపల ఇంకా ఉన్నారు గదమ్మా?”

“ఉంటారు ఎర్నమ్మా. నువ్వున్నన్నాళ్ళూ ఉంటారు.”

“మరైతే ఈడు పనికెల్తాడు. ముప్పయ్యారేళ్ళు అమ్మ దగ్గిరే కూకున్నాడు. సాల్దా?”

 తనే మళ్ళీ, పనికెళ్ళేవాణ్ణి ఖాళీ కడుపుతో పంపకూడదు, కాస్త ఎంగిలిపడనివ్వమంది. కణాలకి పోసే గులాబీరంగు తిండి నీళ్ళుంటాయి మా దగ్గర. డ్రాపరులోకి తీసి ఎర్నమ్మ చేతికిచ్చాను. కొంగు కింద దాచుకున్న చెయ్యి అది. వణుకుతుందేమోనని నా చెయ్యి ఆనించబోయాను, అక్కర్లేకపోయింది. పూస ఉన్న గిన్నెలో ఒక్క చుక్క, అంచునుంచి, నెమ్మదిగా వదిలింది. తర్వాత కన్ను పెట్టి చూసింది. వెళ్ళిరా అని మాత్రం వినపడింది నాకు.

పూసని నేనే కరిగించాను. ఇంకెవర్నీ చెయ్యి పెట్టనివ్వలేదు. వెలుగు ఒక్కసారి విచ్చుకుని పల్చబడి నీళ్ళలో కలిసిపోయింది. అంకెలు రావడానికి నాలుగు గంటలు పట్టింది. ఆ నాలుగు గంటలూ ఎర్నమ్మ వరండాలో కూర్చుని కనకాంబరాలు సర్దుకుంటూ ఉంది. నలభైకి నలభై వచ్చిందని చెప్తే, బాగా చేశాడా అని అడిగింది. బాగా చేశాడన్నాను.

కమిటీవాళ్ళు మూడు కాగితాలూ చూశారు. అందులో తెల్లజుట్టు పెద్దావిడ మూడోది చాలాసేపు చేతిలో పట్టుకుని, ఈ సున్నా నమూనా ఎవరిదని అడిగారు. కాత్యాయనిగారు వరండా వైపు చూపించారు. ఆ పెద్దావిడ లేచి వెళ్ళి ఎర్నమ్మకి దణ్ణం పెట్టారు. పని సాగనిచ్చారు. ఆ యేడే మా పూసలు మొదటి అయిదు ఆసుపత్రులకి వెళ్ళాయి. కానీ నాకు గుర్తుండిపోయింది ఆ తర్వాతి సోమవారం.

ఎర్నమ్మ రక్తం ఇక సున్నా నమూనాకి పనికిరాదు. పాత ఫారం కొట్టేసి కొత్తది నింపాలి. ఈసారి మెట్ల మీద కాదు, కుర్చీ వేసి, ఎదురుగా కూర్చోబెట్టి అడిగాను. గర్భాలు ఎన్ని అంటే, ఒకటి అంది. కాన్పులు లేవంది. బతికున్న పిల్లలు అన్న గడి దగ్గర నా పెన్ను ఆగిపోయింది. కాత్యాయనిగారివైపు చూశాను. ఆవిడ తన కాగితాల్లోంచి తలెత్తలేదు, కానీ పేజీ తిప్పడం మానేశారు.

“ఒకడు,” అంది ఎర్నమ్మ.

రాశాను. పక్క గడిలో వయసు రాయాలి. నేను అడగలేదు. తనే వేళ్ళమీద ఒకసారి లెక్క సరిచూసుకుని, ముప్పై ఆరు అని చెప్పింది.